మమకారం సున్నా

పోయిన వారం భాగంలో చుక్కలమ్మను వాడ మలుపులో వదిలేశాం. చంకలో ఆఫీసు ల్యాప్‌టాప్, నోట్లో ఆఫీసు నేర్పిన మాటలు. తెర మీద చుక్కల్ని ఆడించే ఉద్యోగం కాబట్టి వాడవాళ్ళు ఆమెకు పెట్టిన పేరు అది. రేపు పొద్దున పెద్ద హాల్లో బహిరంగ సభ. ఏటిగట్టు రోడ్డుకు అడ్డంగా ఉన్న ఈ వాడను ఏం చేయాలో అక్కడ తేలుతుంది. వాడను తరలిస్తున్నామని ఆఫీసు రాస్తే ప్రతి ఇంటికీ దగ్గర్లోనే ఇంకో ఇల్లు కట్టివ్వాలి. "వీళ్ళు తమంతట తామే వెళ్ళిపోతారు" అని రాస్తే ఒక్క ఇటుక కూడా ఇవ్వనక్కర్లేదు. ఆ రెండో మాట చెప్పింది చుక్కలమ్మ కంప్యూటరు. ఆ కంప్యూటరుకు బుద్ధులు నేర్పింది చుక్కలమ్మ. ఆమెను పెంచింది ఈ వాడ.

"మీవాళ్ళే కదమ్మా, ముందు నువ్వెళ్ళి చూపించు. రేపు సభలో గొడవ ఉండదు" అని పై అధికారి పటం సారు పంపితే కాదనలేక వచ్చింది. కాదనలేక అనడం కూడా అబద్ధమే. కాదనలేదు, అంతే.

వాడ మొదట్లో పచ్చ పట్టా కప్పిన తవ్వుడు యంత్రం ఒకటి నిలబడి ఉంది. పిల్లలు దాని చక్రాన్ని జారుడుబండ చేసుకున్నారు. ఇస్త్రీ పెద్దమ్మ తన బండి ముందు నిలబడి, పెట్టెలో నిప్పులు ఊదుతూ దానివైపు గడ్డం చూపించింది.

"మురుగుకాలువ బాగుచేయడానికి వచ్చిందటే. వచ్చినకాణ్ణించీ పడుకునే ఉంది. మా ఆయనే నయం, తిండికైనా లేచేవాడు."

చుక్కలమ్మ నవ్వింది. యంత్రం వైపు మాత్రం చూడలేదు. అలాంటి యంత్రాల వైపు ఆమె ఎక్కడా చూడదు. ఊళ్ళో ఎక్కడ కనబడినా రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తుంది.

మామయ్య వెల్డింగ్ షెడ్డులో కాలిన ఇనుము వాసన. సగం చేసిన గేటు గోడకు ఆనించి ఉంది. మామయ్య నల్లద్దం ముసుగు నుదుటి మీదికి ఎత్తి, మేనకోడల్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"రావే ఆఫీసరూ! చూసి నడువు. ఇనప ముక్క గుచ్చుకుంటే మీ ఆఫీసువాళ్ళు మా మీద కేసు పెట్టగలరు."

"ఎగతాళి చాలు మామయ్యా."

"ఎగతాళేంటే! ముక్కు చీదుకోవడం రాని పిల్ల ఊరంతటి తలరాత రాస్తోందంటే గర్వంగా ఉండదూ?"

అత్తయ్య నీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, "తిన్నావా?" అని అడిగింది. తిన్నానంది. పొద్దుట్నుంచి ముద్ద దిగలేదు.

ల్యాప్‌టాప్‌కు చోటు కావాలి. మామయ్య మూలనున్న కుట్టుమిషను స్టాండును ముందుకు లాగాడు. దాని మీద మిషను లేదు. ఎప్పుడో చెక్క బిగించి బల్ల చేశాడు. కింద తొక్కుడు పలక మాత్రం అలాగే ఉంది. చుక్కలమ్మ స్టూలు మీద కూర్చోగానే కాలు తనంతట తానే పలక మీదికి పోయింది. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చుని దాన్ని తొక్కేది. నిప్పు తొక్కినట్టు కాలు వెనక్కి లాక్కుంది.

జనం చేరారు. షెడ్డు పట్టక గుమ్మం బయట కూడా నిలబడ్డారు. ఇస్త్రీ పెద్దమ్మ మోచేతులతో దారి చేసుకుని ముందు వరసలోకి వచ్చి, తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చుంది. సాయంత్రం బడిలో కొత్తగా చదువు నేర్చుకుంటోంది. గోడ మీద రాత కనబడితే చాలు, కూడబలుక్కుని పైకి చదవకుండా వదలదు.

"చెప్పవే చుక్కలమ్మా. సినిమా ఎవరిది?"

"మనదే పెద్దమ్మా. ఈ గళ్ళన్నీ ఊరు. గడి అంటే కాస్త నేల అనుకో. ప్రతి ఇంటికీ ఒక చుక్క. ప్రతి చుక్కకూ కొంచెం బుద్ధి ఇచ్చాం. పని ఎంత దూరం, నీళ్ళు ఎంత దూరం, అద్దె ఎంత, చుట్టుపక్కల ఎవరున్నారు, ఇవన్నీ చూసుకుంటుంది. నెల తిరిగేసరికి ప్రతి చుక్కా తనలో తాను ఆలోచించుకుంటుంది. ఉండనా, పోనా? అంతే. ఊరు ఇటు పెరగాలని ఎవరూ చెప్పరు. చుక్కలన్నీ ఎవరి ఆలోచన వాళ్ళు చేసుకుంటే ఊరు దానంతటదే పెరుగుతుంది."

"మా కోడలికి కూడా ఇస్తావటే కొంచెం బుద్ధి?" అంది పెద్దమ్మ. జనం గొల్లుమన్నారు.

అంతా తమ తమ చుక్కల్ని వెతుక్కున్నారు. ఇది మాదంటే ఇది మాదని కొట్లాడుకున్నారు. ఒకాయన తన చుక్క పక్కింటి చుక్కకంటే చిన్నగా ఉందని అలిగాడు. వాళ్ళు నవ్వుతున్నకొద్దీ చుక్కలమ్మ వేళ్ళు చల్లబడుతున్నాయి. ఇంకాసేపట్లో ఏమవుతుందో తెలిసిన మనిషి ఒక్కరే ఉన్న గదిలో నవ్వు వినడం ఎంత నరకమో అనుభవిస్తేగానీ తెలియదు.

మీట నొక్కింది.

తెర మీద నెలలు తిరిగాయి. ఏటిగట్టు రోడ్డు నల్లగీతలా పాకుతూ వచ్చింది. వాడ అంచున ఒక చుక్క కదిలింది. ఊరి బయటికి పోయింది. ఇంకోటి. దాని పక్కది. నీళ్ళకుండీకి చిల్లుపడ్డట్టు వాడ మెల్లగా ఖాళీ అయింది. చివరికి తెల్లటి గళ్ళు మిగిలాయి. వాటి మీద రోడ్డు పడుకుంది.

"నేనెక్కడికి పోయానే?" అన్నాడు చుక్క చిన్నదని అలిగినాయన.

"ఊరవతలికి."

"ఎందుకు? నాకేం తెగులు?"

"అద్దె పెరిగింది, నీళ్ళు దూరమయ్యాయి, అందుకని..."

"నీళ్ళు ఎప్పుడు దగ్గరగా ఉన్నాయే మాకు? పోయామా?"

చుక్కలమ్మ నోరు తెరిచింది. ఆఫీసు నేర్పిన మాటలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. అవి బయటికి రాకముందే ఇస్త్రీ పెద్దమ్మ తెర పక్కన ఉన్న రాతల మీద వేలు పెట్టింది.

సభకు వచ్చే జనానికి అర్థమయ్యేలా తెర మీది మాటలన్నీ మన భాషలోనే ఉండాలని నిబంధన. ఇన్నాళ్ళూ అవన్నీ ఇంగ్లీషులో పొడి అక్షరాలుగా ఉండేవి. సభ కోసం చుక్కలమ్మే కూర్చుని ఒక్కో దానికీ పేరు పెట్టింది. దూరం. అద్దె. నీళ్ళు. ఒకదాని దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయింది. ఇరుగుపొరుగును, అలవాటైన గుమ్మాన్ని వదల్లేక మనిషిని పట్టి ఉంచే గుణం అది. ఆఫీసు రిపోర్టులో దానికి నోరు తిరగని పేరు ఉంది. ఆమె అది రాయలేదు. ఆ వస్తువు నిజంగా ఏమిటో ఆ మాటే రాసేసింది.

"మ... మ... కా... రం," అని చదివింది పెద్దమ్మ. "మమకారం. దాని పక్కన సున్నా." వెనక్కి తిరిగి జనం వైపు చూసింది. మళ్ళీ తెర వైపు చూసింది. "ఎవరిదే ఇది?"

ఎవరూ నవ్వలేదు.

"చెప్పవే. మమకారం సున్నా ఎవరికి? మాకా?"

"అది ఒక అంకె పెద్దమ్మా. ఉట్టి అంకె."

"అంకె అయితే నాకూ వచ్చు. సున్నా అంటే లేదని. మాకు మమకారం లేదని రాశావా నువ్వు? మీ అమ్మమ్మ మంచాన పడితే ఒళ్ళు తుడిచింది ఎవరే? సున్నాయేనా తుడిచింది?"

చుక్కలమ్మ మామయ్య వైపు చూసింది. ఏ మాటతోనైనా గట్టెక్కిస్తాడేమోనని ఆశ. మామయ్య ముసుగు తీసి గేటుకు తగిలించాడు. చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి కావలసినదానికంటే ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

"ఎందుకు పెట్టావు సున్నా?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"పాత పటాలతో సరిచూస్తాం మామయ్యా. నా చిన్నప్పటి ఊరిని కంప్యూటర్లో మళ్ళీ మొదలుపెట్టి ఇప్పటిదాకా నడిపిస్తాం. అది నిజం ఊరు పెరిగినట్టే పెరిగితే, రాబోయేది కూడా సరిగ్గా చెబుతుందని నమ్మకం. పాత ఇటుక బట్టీల దగ్గర మన ఇళ్ళుండేవి కదా. ఒక పటంలో ఉన్నాయి. తర్వాతి పటంలో లేవు. అంత తొందరగా ఖాళీ అవ్వాలంటే ఆ అంకె సున్నా ఉండాలి. లేకపోతే చుక్కలు కదలవు."

"చూపించు."

"ఏది?"

"పాతది. బట్టీల దగ్గరిది. చూపించు."

"మామయ్యా, అదెందుకు ఇప్పుడు..."

"చూపించవే!"

మళ్ళీ మీట నొక్కింది. తెర మీద చిన్న ఊరు. రోడ్లు సగమే ఉన్నాయి. ఏటి పక్కన బట్టీల గుట్ట, దాని చుట్టూ చుక్కలు. అక్కణ్ణించి బతికి బయటపడ్డ ముసలివాళ్ళు కొందరు ముందుకు జరిగారు. ఇక్కడ బావి ఉండేది, ఇక్కడ మేకలు కట్టేవాళ్ళు అని గొణుక్కున్నారు. తర్వాత చుక్కలు కదలడం మొదలైంది. ఒకటి లేచి వెళ్ళింది. అది వెళ్ళి ఇప్పటి వాడలో కూర్చున్నాక ఇంకోటి లేచింది. తోసుకోలేదు, గుద్దుకోలేదు. పెళ్ళి భోజనాల్లో పంక్తి లేచినట్టు ఒకరి తర్వాత ఒకరు లేచి వచ్చేశారు.

"అబ్బ!" అన్నాడు మామయ్య. "ఎంత మర్యాదగా వెళ్ళామే మనం!"

ఆ మాటకు గుమ్మం దగ్గర ఎవరో ముసలాయన కండువాతో మొహం కప్పుకున్నాడు.

వాళ్ళు వెళ్ళలేదు. ఈ విషయంలో ముసుగులు అక్కర్లేదు. తెల్లవారకముందే, వానలో, యంత్రాలు వచ్చాయి. పొయ్యి మీద గిన్నె పొయ్యి మీదే ఉండగా గోడలు తోసేశారు. జనాన్ని గట్టు మీదికి తరిమారు. పటం గీసేవాడు ఆ పొద్దున అక్కడ లేడు. తీరిక చూసుకుని వచ్చి, ఇళ్ళు లేకపోవడం చూసి, తెల్లరంగు పూసుకుని పోయాడు. ఆ తెల్లరంగుకు అర్థం చెప్పవలసిన పని మాత్రం ఆ వానలో మామయ్య భుజం మీద ఏడ్చిన పిల్లకే పడింది. ఆ పిల్లకు అంతా తెలుసు. తెలిసే సున్నా పెట్టింది.

"అన్నీ నీలం చుక్కలేనే," అంది పెద్దమ్మ, తెర మీంచి కళ్ళు తీయకుండా. "ఆ ఒక్కటీ పసుపెందుకు?"

చుక్కలమ్మ తెరకు చెయ్యి అడ్డం పెట్టబోయింది. "అది... పరీక్ష కోసం. గుర్తుకోసం పెట్టుకున్నది."

"నొక్కు," అన్నాడు మామయ్య.

"మామయ్యా."

"నొక్కమన్నానా!"

నొక్కింది. చుక్క పక్కన చిన్న పెట్టె తెరుచుకుంది. పెద్దమ్మ అలవాటుకొద్దీ పైకే చదివింది. "పని... కుట్టుపని. వచ్చిన చోటు... బట్టీలు. మ... ను... షులు... నలుగురు."

పెద్దమ్మ చదివేశాక గానీ తాను ఏం చదివిందో ఆమెకే అర్థంకాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మమ్మ, అమ్మ, మామయ్య, తను. బట్టీల దగ్గర ఆ ఇంట్లో నలుగురు. వాడకు చేరింది ముగ్గురు. కుట్టుమిషను తల వదిలేస్తే రేపు ఏం తింటామని అమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళింది. యంత్రం నడిపేవాడికి ఆమె కనబడలేదట. ఆ తర్వాత గోడ కింద మిషను తల దొరకనే లేదు. ఈ స్టాండొక్కటే దక్కింది.

"నలుగురం వచ్చామన్నమాట," అన్నాడు మామయ్య. "బాగుంది. మరి మీ అమ్మ ఏదే? ఏ గదిలో ఉంది? పిలువు, టీ తాగుదాం. దాన్ని చూసి ఎన్నేళ్ళయింది!"

"ఏమండీ," అంది అత్తయ్య.

"నువ్వూరుకో. పిలవమను. కంప్యూటర్లో ఉందిగా, పిలిస్తే పలుకుతుందేమో."

చుక్కలమ్మ తల వంచుకుంది. "నేను రోజూ చూసేదాన్ని మామయ్యా."

"ఏంటి చూసేదానివి?"

"ఆ నలుగుర్ని. పని మొదలుపెట్టే ముందు ఆ చుక్క నొక్కి చూసుకునేదాన్ని. మొదట్లో యంత్రం కూడా పెట్టాను. నిజం చెబుతున్నా. రోడ్డు దగ్గరపడి, నేల ధర పెరిగి, అయినా జనం కదలకపోతే యంత్రం వస్తుందని ఒక నియమం రాశాను. అప్పుడు మమకారం ఎంత పెంచినా పటం సరిపోయింది. మనవాళ్ళు ఉండిపోయారు, యంత్రం వచ్చింది, గళ్ళు తెల్లబడ్డాయి. సున్నా పెట్టి యంత్రం తీసేసినా అదే పటం వస్తుంది. రెండు దారులూ ఒకే చోటికి వస్తాయి. పటం సారు చూసి, 'అది సంఘటన తల్లీ, ప్రవర్తన కాదు. మనం లెక్కించేది ప్రవర్తన. తీసెయ్' అన్నారు."

"తీసేశావు."

"యంత్రం ఉంటే ఆ పెట్టెలో నలుగురు అని ఉంచడానికి లేదు మామయ్యా. ముగ్గురని నా చేత్తో నేనే కొట్టాలి. తీసెయ్ అని ఆయన అనగానే నాకు... నాకు హాయిగా అనిపించింది."

చెప్పేసింది. కన్నీళ్ళు కారిపోతున్నాయి. తప్పుచేసిన మనిషి ఏడిస్తే చూసేవాళ్ళ మనసు కరుగుతుంది. కరిగితే మాత్రం ఏం? దానివల్ల ఎవరికీ గూడు రాదు. మామయ్య కరగలేదు.

"ఏడువు. నీ అమ్మ కోసం నువ్వు ఏడువు, ఎవడొద్దన్నాడు? నీ మనసులో దాన్ని నూరేళ్ళు బతికించుకో. కానీ దాన్ని పట్టుకెళ్ళి వాళ్ళ చేతిలో ఎందుకు పెట్టావే? మీ అమ్మ చావలేదని నువ్వు రాసుకున్నావు. వీళ్ళనెవరూ తరమలేదని వాళ్ళు చదువుకున్నారు. ఒకసారి తరిమినందుకు ఇంకోసారి తరిమే కాగితం నువ్వే ఇచ్చావే తల్లీ!"

చుక్కలమ్మ చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నిజంగా కొట్టినా ఇంత తగిలేది కాదు. ఇన్నాళ్ళూ తాను దాచుకున్నది ఒక దుఃఖం అనుకుంది. అది దుఃఖం వేషంలో ఉన్న అబద్ధమని ఇప్పుడు, ఇంతమంది ముందు, మసి చేతుల మామయ్య నోటి నుంచి విని తెలుసుకుంది. తెలుసుకుంది అనడం కూడా తప్పే. ఎప్పుడూ తెలుసు. వినలేదు, అంతే.

ఇస్త్రీ పెద్దమ్మ ఆమె మోకాలి మీద ఒక్కటి చరిచింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు ఆ సున్నా తియ్యవే."

చుక్కలమ్మ ముక్కు తుడుచుకుంది. అవును, ఆ పని ఒకటి ఉంది. పటం సారు తీసెయ్యమన్న నియమాన్ని ఆమె చెరిపేయలేదు. చెరపడానికి చెయ్యి రాక, దాని పక్కనున్న టిక్కు మాత్రం తీసి, తెర మీద కనబడకుండా దాచింది. ఇప్పుడు వెతికి బయటికి తెచ్చింది. "సంఘటన" అన్న పెట్టెలో టిక్కు పెట్టింది. మమకారం అన్న గీత మీద గుండీని పట్టుకుని జరిపింది.

"ఎంత పెట్టాలి?" అని అడిగింది. ఎవర్ని అడిగిందో ఆమెకే తెలియదు.

"నన్నడుగుతావేంటే? బట్టీల దగ్గర జనం కదలకుండా ఉండాలంటే ఎంత కావాలో అంత పెట్టు," అన్నాడు మామయ్య.

ఇంకా జరిపింది. తర్వాత పసుపు చుక్క నొక్కింది. నలుగురు అన్న చోట వేలు ఆగింది. అత్తయ్య వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ ఇంట్లో అత్తయ్య లేదు, తర్వాత కోడలిగా వచ్చింది. ఆడపడుచును ఎన్నడూ చూడలేదు. అయినా ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

చుక్కలమ్మ ఒక మనిషిని తీసేసింది. మనుషులు: ముగ్గురు.

మామయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

మీట నొక్కింది. పాత ఊరు మళ్ళీ మొదలైంది. బట్టీల దగ్గర చుక్కలు కదల్లేదు. రోడ్డు దగ్గరపడింది. కదల్లేదు. నేల ధర ఎరుపెక్కింది. కదల్లేదు. ఒక్క నెలలో గళ్ళన్నీ ఒక్కసారే తెల్లబడ్డాయి, చుక్కలు చెల్లాచెదురై గట్టు మీద పడ్డాయి. మర్యాద లేదు, పంక్తి లేదు. ముసలివాళ్ళు తలలు ఊపారు. "ఆఁ, ఇదీ," అన్నాడు కండువా ఆయన. అంతే అన్నాడు.

చుక్కలు మెల్లగా వాడకు చేరాయి. ఊరు పెరిగింది. ఇప్పటి పటం వచ్చి నిలిచింది. సరిగ్గా అదే పటం. ఒక్క గడి తేడా లేదు.

"ఇప్పుడు ముందుకు నడుపు," అంది పెద్దమ్మ.

నడిపింది. మొదటి నెల మొదలైంది. వాడ కదల్లేదు. చుక్క చిన్నదని అలిగినాయన, "ఉన్నానే! ఉన్నాను!" అని ఎగిరాడు. షెడ్డంతా ఒక్కసారి కేకలు. పెద్దమ్మ ఈల వేసింది. ఇదే రేపు సభలో చూపించాలని, పెద్ద తెర మీద చూపించాలని తలా ఒక మాట. కదలరు, వీళ్ళు తమంతట తాము కదలరు, కదిలించాలంటే ఇళ్ళు ఇచ్చి కదిలించాల్సిందే అని కంప్యూటరే చెబుతోంది కదా!

ఆ కేకల్లో తెర మీద జరిగింది ఒక్క చుక్కలమ్మే చూసింది.

వాడ గళ్ళన్నీ ఒక్కసారే తెల్లబడ్డాయి.

కేకలు ఒక్కొక్కటే ఆగాయి. "ఇదేంటే?" అన్నాడు మామయ్య. "మళ్ళీ పాతది పెట్టావా?"

ఆమె పాతది పెట్టలేదు. రోడ్డు దగ్గరపడింది. నేల ధర పెరిగింది. జనం కదల్లేదు. నియమం తన పని తాను చేసుకుంది. బట్టీల కోసం రాసిన నియమం. వాడ కోసం మళ్ళీ రాయనక్కర్లేదు.

"ఏ నెలే అది?" తెర కింద అంకెలు మామయ్యకు ఆనడం లేదు. "వచ్చే నెలా?"

"ఇప్పటి పటం పోయిన నెలది మామయ్యా." ఆమె తెర కింద తేదీ మీద వేలు పెట్టింది. "ఇది ఈ నెల."

అప్పుడు గుర్తొచ్చింది. ఈ లెక్కను ఆమె ఇదివరకు ఒకసారి నడిపింది. బట్టీలు తెల్లబడగానే ఆమె కళ్ళు మూసుకుని లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయింది. పటం సారు వెళ్ళలేదు. తిరిగొచ్చేసరికి తెర ముందు ఒక్కడే నిలబడి ఉన్నాడు. లెక్క చివరిదాకా నడిచి ఆగిపోయి ఉంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మెత్తగా, కన్నకూతురికి చెప్పినట్టు చెప్పాడు, అది సంఘటన తల్లీ, తీసెయ్ అని.

ఆయన చూశాడు. చూశాకే తీసెయ్యమన్నాడు.

బల్ల మీద ఫోను మోగింది. దాని మీద ఆయన పేరే. మామయ్య చూశాడు. "అందరూ వినేలా పెట్టు," అన్నాడు. పెట్టింది.

"ఏమ్మా, చూపించావా? ఒప్పుకున్నారా?" పటం సారు గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "సరేలే, పరవాలేదు. రేపటి సభ రద్దయింది. ఇప్పుడే ఉత్తర్వు వచ్చింది. నువ్వు ల్యాప్‌టాప్ తీసుకుని వెంటనే బయల్దేరు. ఆఫీసుకు రానక్కర్లేదు, నీ గదికి వెళ్ళిపో. సాయంత్రానికి మాత్రం ఆ వాడలో ఉండకు. విన్నావా?"

గుమ్మం దగ్గరున్నవాళ్ళు బయటికి తిరిగి చూశారు. వాడ మొదట్లో యంత్రం మీద పచ్చ పట్టా లేదు. ఎవరు ఎప్పుడు తీశారో, ఈ నవ్వుల్లో ఏడుపుల్లో ఒక్కరూ గమనించలేదు. తొండం మడిచే ఉంది. చక్రం మీద జారే పిల్లల్ని ఎవరో టోపీ మనిషి చేయూపి దించుతున్నాడు.

"విన్నావా తల్లీ? ఇంకా అక్కడే ఉన్నావా?"

చుక్కలమ్మ కాలు కుట్టుమిషను పలక మీదికి పోయింది. ఈసారి వెనక్కి తీసుకోలేదు. ఆ యంత్రం వైపు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, సూటిగా చూసింది.

ఉండనా? పోనా?

"ఉన్నాను సార్," అంది.